దుబాసీ

గుణుపురం కోర్టులో నాకు కుర్చీ లేదు.
సాక్షి బోనుకీ గుమాస్తా బల్లకీ నడుమ
రెండు గచ్చుపలకల మేర నాది.
సంతకం పెడితే రోజుకి మూడొందల యాభై.
ఒడియా ఇటునుంచి వస్తుంది, సవర అటునుంచి.
మధ్యలో నేను
తెలుగులో ఊపిరి పీల్చుకుంటాను.

బెహెరా వకీలు అడిగాడు:
"నీ చరిత్ర ఎలాంటిది?"
మా తెలుగులో చరిత్ర అంటే రాజులది.
ఒడియాలో నడత, అందులోనూ ఆడదాని నడత.
బోనులో సొందాని రైతా,
చెవి అంచు పొడుగునా పోగులు,
చంకలో నిద్రపోతున్న పిల్ల.
నోరు తెరిచాను.
మాట దొరకలేదు.

నాది సంతలో నేర్చిన సవర.
అమ్మ ఎండుచేపలు పోసేది,
వాళ్ళు పసుపూ చీపుర్లూ దించేవారు.
అబోయ్, బాగు, యాగి:
ఒకటి, రెండు, మూడు.
"బాగున్నావేటే?" అని అమ్మ పలకరిస్తే
కొండావిడ రెండు వేళ్ళు చూపించేది.
నేను పడీ పడీ నవ్వేదాన్ని.
అమ్మ తక్కెడ సిబ్బి అడుగున
చింతగింజంత మైనం ముద్ద ఉండేది.
ఆ మైనం మీదే నా చదువు సాగింది.
ఆ సంతలో శీలం ఎవరూ అమ్మలేదు,
నాకు దాని పేరు తెలీదు.

"నీ దారి తిన్ననిదేనా అని అడుగుతున్నారు" అన్నాను చివరికి.
సొందాని ఆలోచించింది.
"కొండ మీద తిన్నటి దారి ఎక్కడుంటాది?"

"మొగుణ్ణి వదిలి ఇంకొకడి ఇంట్లో ఉందా, లేదా?"
"ఉన్నాను. ఆడు కొట్టాడు, వచ్చేశాను.
ఈడు బాగు బొంతెల్ తోలిచ్చాడు.
ఊరు కూర్చుంది, తిన్నది, తాగింది, తీరిపోయింది.
మళ్ళీ ఇక్కడికెందుకు పిలిచారు?"
గుమ్మం దగ్గర బంట్రోతు, మావాడే,
"బాగుందట!" అని ఇకిలించాడు.
రెండు దున్నలయ్యా, రెండు.

ఆమె తల దించలేదు.
నాకు అసూయ వేసింది.
పాతపట్నం నుంచి ట్రంకుపెట్టెతో నేనొచ్చి పన్నెండేళ్ళు.
మా వీధిలో నా పేరు రమణాయి కాదు, "వచ్చేసింది".
పేరంటాలకి పిలుపు మా గుమ్మం దాటి పోతుంది.
సొందాని తవ్విన పసుపు
ముత్తైదువుల పాదాల మీదికి పోతుంది,
నా పాదాల దాకా రాదు.

మధ్యాహ్నం టీకొట్టు దగ్గర అన్నాను,
"మీదే నయం."
"ఏటి నయం?
ఆ దున్నల మాట మొగోళ్ళే మాటాడుకున్నారు, నన్నడిగారా?
పోడు కొట్టింది నేను, కలుపు తీసింది నేను.
నాగలి ముట్టుకుంటే మాత్రం వాన పోతాదంట,
ఊరంతా తప్పు కడతారు. మీలోనో?"
"మాలోనూ ముట్టుకోనివ్వరు."
"మరి నీకెన్ని కట్టి విడిపించారు?"
"విడిపించలేదు. కాగితం ఇంకా కోర్టులోనే ఉంది."
"పన్నెండేళ్ళా!
దున్నలైతే ముసిలైపోయుండును."
తన బన్నులో సగం తుంచి నా చేతిలో పెట్టింది.
మైనం ముద్ద సంగతి చెబుదామనుకున్నాను.
చెప్పలేదు.

భోజనాలయ్యాక వకీలు మళ్ళీ అక్కడికే వచ్చాడు.
"చరిత్ర?"
"అయ్యా, నాకు తెలిసిన వాళ్ళ భాషలో
ఆ మాట లేదు."
గుమాస్తా రాసుకున్నాడు.
మెడ చాచి చూశాను.
*సాక్షికి చరిత్ర లేదు.*

ఒడియాలో చదివితే ఒక తిట్టు.
తెలుగులో చదివాను:
సొందానికే కాదు,
మా అమ్మకీ, అమ్మ తక్కెడ ముందు కూర్చున్న ఆడాళ్ళకీ,
ట్రంకుపెట్టెకీ.

"కొట్టెయ్యండి" అన్నాను.
ఏ భాషలో అన్నానో గుర్తులేదు.
ఎవరి మాటా కాదు అది, నాదే.
జడ్జిగారు కళ్ళజోడు తీశారు.
చంకలో పిల్ల లేచింది.
గుమాస్తా కలం ఎత్తిపట్టి
నా వైపు చూశాడు,
తక్కెడ మాట్లాడినట్టు.