నీరడి

ఇజ్కీ పక్క పల్లెల
ఫలజ్ కాలువ గట్టున నాటిన కర్ర నీడ
మూడో రాయి దాటంగనే
రయ్యా అమ్మ చెయ్యెత్తుతది.
నేను తూము గుడ్డ పీకి
నీళ్లను ఖర్జూరం మళ్లకు తిప్పుత.

మొన్నటిదాంక ఈ లెక్క వాళ్ల నాయనది.
ఆయన పోయినంక గడ్డాలన్నీ గొణిగినయి:
"రాత్రి వంతులు చుక్కలు చూసి చెప్పాలె, ఆడమనిషి..."
ఆమె ఏమనలే.
చాప చంకల పెట్టుకొని డాబా ఎక్కింది.
నలభై రాత్రులు.
ఒక్క వంతు తప్పలే.

ఇదంతా ఫోన్ల చెప్తుంటే
గంగామణి నడుమల ఆపింది:
"నేను చెరువు సంఘానికి నామినేషనేసిన.
నీ సంతకం అక్కర్లేదన్నరు."

తడిగుడ్డ చేతిలనే ఉన్నది.
నీడ నాలుగో రాయి దాటింది.
గట్టు మీంచి రయ్యా అమ్మ
నన్నే తిడుతున్నది.