ఒక్క అక్షరం

బ్రాడీపేట నాలుగో లైన్లో, జెరాక్స్ షాపు పైన,
పానకాలు మాస్టారు బోర్డు మీద రాశారు:
ఇంపీరియస్.
విశేషణం. అధికార దర్పం గల.
బ్యాంకు పరీక్షలో ఒక మార్కు, తప్పయితే పావు పోతుంది.
"రేపటికి సొంత వాక్యం రాసుకు రండి."

మాటలకేం కొదవ?
పెత్తనం అంటే మా పెద్ద మేనత్త,
పొగరు అంటే ఆవిడ కోడలు,
టెక్కు అంటే కొత్త బండి కొన్న మొదటి వారం.
ఇది వాటిలో ఏదీ కాదు.
ఇది అరవదు, ఎగిరిపడదు.
ఎదుటి మనిషి కాదంటాడన్న ఊహే దీనికి రాదు.

పొద్దున్నే మిర్చి యార్డులో
కాటా పక్కన చీటీలు రాస్తూ, దగ్గుతూ
(యార్డులో అందరం దగ్గుల మధ్యే మాట్లాడతాం)
చూశాను దాన్ని.
దుర్గి నుంచి వచ్చిన రైతు,
రాత్రంతా టిక్కీల మీదే పడుకున్నవాడు,
మూతి విప్పి నిలబడ్డాడు.
ఖరీదుదారు వచ్చాడు. ఫోను చెవికే ఉంది.
ఒక కాయ తీసి విరిచాడు.
గింజలు నేలరాలుతుంటే
"తాలు" అన్నాడు.
మొహం చూడలేదు. ధరైనా చెప్పలేదు.
అది తాలు కాదని నాకు తెలుసు, కాటాకి తెలుసు,
కాయకీ తెలుసు.
రైతు మాత్రం గోతంలోకి తొంగిచూసుకున్నాడు,
తప్పు తన కళ్ళదేమో అన్నట్టు.

చీటీ మీద "తాలు" అని రాశాను.
నా దస్తూరీ బాగుంటుందంటారు అందరూ.

రాత్రి వాక్యానికి కూర్చున్నాను.
కర్త, క్రియ, మధ్యలో ఆ విశేషణం.
తల ఎత్తకుండానే
"టీ" అన్నాను.

కోల్డ్ స్టోరేజీలో రోజంతా తొడిమలు తీసొచ్చిన అమ్మ
మండే వేళ్ళు కొబ్బరినూనెలో ముంచుకుని ఉంది.
లేచింది.
గ్లాసుని కొంగుతో పట్టుకుని తెచ్చింది.

తెలుగులో ఆజ్ఞకి ఒక్క అక్షరం చాలు.
రా. పో. తే.
నేను క్రియ కూడా ఖర్చుపెట్టలేదు.

మర్నాడు మాస్టారు నా కాగితం పైకెత్తారు.
"విశేషణం బాగానే పడింది. కర్త ఏదమ్మా?"
తెలుగులో కర్త లేకపోయినా వాక్యం నడుస్తుంది కద సార్, అన్నాను.
"ఇంగ్లీషులో నడవదు."
పెన్ను నా వైపు జరిపారు.

ఇంగ్లీషులో 'నేను' ఒక్క అక్షరమే.
పెద్దక్షరం, నిటారుగా నిలబడుతుంది.
చిన్నక్షరంతో రాశాను.
మాస్టారు దాన్నీ ఎర్రసిరాతో దిద్దారు.