ఒకే గొయ్యి

సిలా.
పేరు విని శిల అనుకున్న.
వచ్చి చూస్తే ఇసుక, ఉప్పు,
ఉప్పు మీద పెళుసు పెంకు,
కాలేస్తే అప్పడంలా విరుగుతది.

నా పని కర్ర పట్టుకొని నిలబడుడు.
ఎర్ర గీత, తెల్ల గీత, ఎర్ర గీత.
దూరంగా యంత్రంలో కన్ను పెట్టినాయన
చెయ్యి ఊపేదాకా కదలొద్దు.
పొద్దు వాలినంక గోతులు తవ్వుడు,
గజం లోతు, గోడలు నిట్టనిలువుగా,
పొరలు లెక్కబెట్టే వీలుగా.

మొదటి ఏడు హాలండు నుంచి ఫాన్ రేనన్ సారు.
గోతిల దిగి, గవ్వలు గీకి,
"ఒకప్పుడు సముద్రం ఇక్కడిదాకా ఉండె" అన్నడు.
పూడ్చిపెట్టి పోయినం.

మూడేళ్లకు అల్ ఐన్ నుంచి డాక్టర్ మౌజా.
జీపీయస్ చూసి, ఇక్కడ తవ్వు అన్నది.
పార మరీ మెత్తగా దిగింది.
రెండడుగుల కింద నేను తాగి పారేసిన
విమ్టో సీసా మూత.
"పొరలే లేవు. ఇదంతా గాలి తెచ్చిన ఇసుక"
రాసుకుంటున్నది ఆమె.
మూత జేబులేసుకున్న.
నన్నెవరు అడిగిన్రు?

ఆయన వ్యాసంల ఆయన దోస్తుల పేర్లు,
ఆమె వ్యాసంల ఆమె దోస్తుల పేర్లు.
గెస్ట్‌హౌజు గోడకు తీరం పటం:
తారురోడ్డు పొడుగునా చుక్కలే చుక్కలు,
జీపు దిగబడే కాడ తెల్లగా ఏమీ లేదు.
ఏసీ గది ఉన్నంత మేరకే
సముద్రానికి చరిత్ర.
చెక్‌పోస్టు దగ్గర ఇసుకతిన్నె నడుమకు తెగింది.
అవతల ఇంకో దేశపోళ్ల పటం, ఇంకో రంగు.
ఇసుకకు ఇఖామా లేదు,
అది పోతనే ఉన్నది.

మా ఆర్మూరు దిక్కు బోరు పాయింటు చూసే ముత్తెన్న
చేతుల కొబ్బరికాయ నిలబెట్టేముందు
పక్క చేనాయన బోరు ఎంత లోతని అడిగేటోడు.
ఇంత చదివినోళ్లు
అదొక్కటి అడగరేంది?

షమాల్ గాలి లేచిన నాడు పని బందు.
చాయ్ పోసి, మూత తీసి ఆమె ముందర పెట్టిన.
"మేడం, ఆ గొయ్యి కొత్తది కాదు.
హాలండు సారు కోసం నేనే తవ్విన.
ఆయన నంబరు నా ఫోన్ల ఉన్నది."
ఆమె మూతను తిప్పి తిప్పి చూసింది.
చాయ్ మీద మీగడ కట్టింది.
"మరి ఆ పొరలు లేని ఇసుక?"
"నేను పూడ్చిందే, మేడం."

ఆ రాత్రి ఫోన్ల ఇద్దరూ గంటసేపు కొట్లాడుకున్నరు.
నడుమ ఒకసారి గట్టిగ నవ్వు వినబడ్డది.
చలికాలం కలిసి వస్తరట,
చెక్‌పోస్టు అవతలోళ్లకు కూడ ఉత్తరం రాస్తరట.

అప్పటికి తిన్నె ఎంత జరుగుతదో.
కొత్త కర్ర ఒకటి కొనమన్న.
పాతదానికి అడుగున
రెండు గీతలు ఉప్పు తినేసింది.