ఎడమచేతి ఉంగరం

ఆదివారం పొద్దున
చిత్తూరు పెద్దాసుపత్రి మేడమీది హాల్లో
ముప్పైమంది పిల్లకాయల నడుమ
నెరిసిన మీసం నాదొక్కటే.
యాదమరి నుంచీ పుంగనూరు నుంచీ
మొదటి బస్సు పట్టుకొచ్చినోళ్ళు,
టిఫిన్ డబ్బాలు ఇంకా వెచ్చగానే ఉండాయి.
నా రెన్యువల్‌కి ఇంకా ఆరు గంటల చదువు బాకీ.

కింద రోడ్డు మీద తోతాపురి ట్రాక్టర్లు
గుజ్జు ఫ్యాక్టరీకి వరసగా నిలబడినాయి.
కిటికీలోంచి మామిడి వాసన.
నాకు మాత్రం పాఠమంటే హైపో వాసనే.
ఎర్రబల్బు కింద వచ్చిన విద్య నాది.
డెవలపర్ తొట్టిలో ఫిలిం ఆడిస్తా
ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెడతా ఉంటే
నీళ్ళ అడుగునుంచి
పక్కటెముకలు ఒకదాని వెనక ఒకటి లేచొచ్చేవి.
ఊపిరి బిగబట్టమని పేషెంటుకు చెప్పేవాణ్ణి,
బిగబట్టుకునేది మాత్రం చీకట్లో నేను.

పాఠం చెప్పేది దిల్షాద్.
ఒకప్పుడు నా దగ్గరే ట్రైనింగు.
మొదటి రోజు సీసపు ఏప్రాన్ తిరగేసి కట్టుకొని
బరువుకు గోడకి ఆనుకొన్న పిల్ల.
ఇప్పుడు మైకు అక్కర్లేని గొంతు:
"అవసరమైనంతే కిరణం. ఒక చిటికెడు కూడా ఎక్కువ వద్దు.
వంటలో ఉప్పు మాదిరి కాదిది, తర్వాత నీళ్ళు పోసి సరిచేయలేరు."

తెర మీద ఒక పాత ఫిలిం పెట్టింది.
రికార్డు రూములో చెదలు వదిలేసిన కట్టలోదంట.
పసిబిడ్డ ఛాతీ.
"తప్పులు చెప్పండి."

చేతులు లేచినాయి.
వెలుగు గడి కుదించలేదు, గడ్డం నుంచి తొడల దాకా పడింది.
ఎడమా కుడీ చెప్పే సీసపు అక్షరం లేదు.
బిడ్డ కదిలింది, గుండె అంచు మసక.
ఇంకా?
"ఎవరిదో చెయ్యి పడింది మేడమ్, ఉంగరంతో సహా!
ఆయన బుర్రకి ఎక్స్‌రే తీయాల్సింది ముందు."
హాలంతా నవ్వు.

నేనూ నవ్వబోయినాను.
ఆ ఉంగరానికి ఒక పక్క సొట్ట.
కాసెట్ ట్రే మూసేటప్పుడు పడిన సొట్ట.
బల్ల కింద బొటనవేలితో తడుముకున్నాను,
ఉండాది, ఇప్పటికీ అక్కడే.

వానాకాలం, రాత్రి, కరెంటు పోయి వచ్చిన గంట.
బిడ్డకి నిమ్ము, తల్లికి ఏడో నెల.
ఆమెను బయట నిలబెట్టి
బిడ్డ తలవైపు నిలబడి రెండు చేతులూ పైకి పట్టుకున్నది నేను.
బటన్ నొక్కింది వార్డుబాయ్ కుప్పుసామి.
ఏప్రాన్ ఆ వారం కుట్టుకి పోయింది.

చెయ్యెత్తినాను.
"ఆ చెయ్యి ఇదే మేడమ్."

ఫ్యాన్ తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు.
వెనక బెంచీలో బుర్ర మాటన్న పిల్లోడు
చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.
దిల్షాద్ నన్ను దాచలేదు, పొగడనూ లేదు.
"అయితే మునిరత్నమన్నా, ఇప్పుడైతే ఎట్లా తీస్తారు?"

లేచి నిలబడి చెప్పినాను.
దుప్పట్లో బిగించి చుట్టడం, రెండు ఇసక సంచులు,
పట్టక తప్పకపోతే తల్లి కాదు, నాయనో అవ్వో, ఏప్రానేసి,
రెప్పపాటులో సగం టైము.
చెప్తా చెప్తా ఇంకొకటి చూసినాను తెర మీద:
అక్షరం పెట్టడం మరిచిన ఆ ఫిలిములో
బిడ్డ ఎడమవైపు ఏదో చెప్తున్నది
నా ఎడమచేతి ఉంగరమే.
అది మాత్రం పైకి చెప్పలేదు. మార్కులకు పనికిరాదు.

సోమవారం, తొమ్మిదిన్నర.
బంగారుపాళ్యం నుంచి ఒక బిడ్డ, దగ్గు.
వెలుగు గడి తగ్గించినాను, ఇంకా తగ్గించినాను,
ఛాతీ మీద చేతిరుమాలంత మిగిలేదాకా.
ప్లాస్టరుతో సీసపు అక్షరం అంటించి
గడి అంచు మీద పడిన నా వేళ్ళని
వెనక్కి తీసుకున్నాను.