ఆరున్నర అంగుళాలు

జానెడు కూడా లేదు.
నది అవతలి పట్టాలకీ ఇవతలి పట్టాలకీ
వెడల్పులో తేడా ఆరున్నర అంగుళాలు.
రెండు రాష్ట్రాలు పంతాలకు పోయి
ఎవరి కొలత వాళ్ళు కొలుచుకున్నారు.

నడిరాత్రి రైలు ఆగేది.
నిద్దట్లో ఉన్నవాళ్ళంతా దిగాల్సిందే,
దుప్పట్లు భుజాన, పిల్లలు చంకన,
ప్లాట్‌ఫారం అడ్డంగా దాటి
ఇంకో కొలత రైలెక్కాల్సిందే.
ఉన్ని మూటలు, గోధుమ బస్తాలు,
ఒకసారి ఒక పియానో,
ఒకసారి వెంట ఎవరూ లేని శవపేటిక.
అన్నీ మా తాత ఆల్బీ ట్రెవెనా భుజం మీదుగానే
సరిహద్దు దాటాయి.

అరవై రెండులో పట్టాలు కలిశాయి.
బ్యాండు మేళం, రిబ్బను, మేయరు ఉపన్యాసం.
రైలు వచ్చింది, ఎవరూ దిగలేదు.
ఖాళీ చేతులతో తాత నిలబడ్డ ఫొటో
బడి వరండాలో ఇప్పటికీ ఉంది.
కింద పేరు తప్పు రాశారు.

హెడ్మిస్ట్రెస్ మిస్ హాలోరన్ కబురు పెట్టి
స్కోరుబోర్డు అప్పజెప్పింది.
పాత షంటింగ్ యార్డు మీదే కదా మా మైదానం,
వాన పడితే గడ్డిలోంచి
ఇంకా బొగ్గునుసి తేలుతుంది.
నా ఎడమ మోకాలి మచ్చలో
నేను పుట్టకముందు ఆగిపోయిన ఇంజను మసి ఉంది.

ఇక్కడి ఫుట్‌బాల్‌కి నాలుగు గుంజలు.
నడిమి రెంటి మధ్య తన్నితే ఆరు.
పక్కకి పోతే, పోయినందుకు కూడా ఒకటి.
సిడ్నీ నుంచి వచ్చిన లెక్కల మాస్టరు నవ్వాడు,
గురి తప్పినవాడికి మార్కులేమిటని.
తాత రేకు పలక తుడుస్తూ అన్నాడట:
"ఈ ఊరే గురి తప్పినందుకు దొరికిన పాయింటు, మాస్టారూ."

రైలు కూత వినిపిస్తే
అంకెలు మార్చడం ఆపేసేవాడు.
చివరి పెట్టె వెళ్ళేదాకా స్కోరు కదిలేది కాదు.
పక్క బడివాళ్ళు ఫిర్యాదులు రాశారు.

ఇప్పుడు గుంజల వెనక తెల్లకోటుతో నేను.
ఆరుకి రెండు జెండాలు, ఒకటికి ఒకటి.
పోయిన శనివారం, ఆఖరి నిమిషం,
ఎస్పెరాన్స్ ముకెండి తన్నిన బంతి
గుంజని రాసుకుంటూ లోపలికి వచ్చింది.
ఆ చప్పుడు నేనొక్కదాన్నే విన్నాను.
మా బడి పిల్ల. ఆరొస్తే మా బడి గెలుపు.
ఒక్క జెండా ఊపాను.

అందరూ వెళ్ళాక వచ్చి,
బూట్లు విప్పి గుంజకేసి కొడుతూ
"ఎంతలో పోయింది?" అంది.
వేళ్ళతో చూపించాను.
మట్టితోపాటు నల్లటి నుసి రాలింది.
"ఇదేంటి?"

కారెక్కు, మీ ఇంటిదాకా చెప్తాను.
నడిరాత్రి మొదలవుతుంది అది.