పదమూడో నెల

మొదటి రోజే చెప్పాను హిరుత్‌కి,
"డేటా అంటే ముందు చీపురు, ముగ్గు తర్వాత."
మూడు నెలల ఇంటర్న్‌షిప్.
బెళ్ళందూరు, ఆరో అంతస్తు.
వాన పడితే చెరువు నురగ గట్టు దాటి రోడ్డెక్కడం
మా కిటికీలోంచి కనిపిస్తుంది.

ఇథియోపియా నుంచి పీజీకి వచ్చింది.
కమ్మనహళ్ళిలో ఇంకో ఇద్దరితో గది.
సంచిలో ఎప్పుడూ ప్లాస్టిక్ కవర్లో చుట్టిన
రిజిస్ట్రేషన్ కాగితం,
శాంతినగర్ ఆఫీసు ముద్ర తడవకూడదని.
హెచ్చార్ వాళ్ళు "డెస్టా" అని పిలిచేవారు.
డెస్టా వాళ్ళ నాన్న.
పిలిచినప్పుడల్లా వెనక్కి తిరిగి చూసేది,
ఆయన గానీ వచ్చాడేమోనన్నట్టు.
వాళ్ళకి ఇంటిపేర్లుండవు.
ఫారంలో గడి మాత్రం ఖాళీగా ఉంటానంటే ఒప్పుకోదు.

కట్టుబడి కూలీల బీమా పట్టిక ఇచ్చాను.
నాలుగు లక్షల పన్నెండు వేల వరసలు.
సెంట్రింగ్ వాళ్ళు, ఇటుక మోసేవాళ్ళు, రాయి కొట్టేవాళ్ళు.
పుట్టినరోజుల గ్రాఫు గీయమంటే గీసింది.
ఏడాది పొడుగునా గడ్డిపరకలు.
జనవరి ఒకటిన సెల్ టవరంత ఎత్తు.
జూన్ ఒకటిన ఇంకోటి, కాస్త పొట్టిది.

"చెత్త. తీసెయ్" అన్నాను,
మా మదనపల్లె మార్కెట్లో
కుళ్ళు టమాటా పక్కకి తోసినంత తేలిగ్గా.

తీయలేదు.
కిందికెళ్ళి బై టూ కాఫీ తెచ్చి
నా గ్లాసు నా ముందు పెట్టి
"ఆ పెద్ద టవర్లో నేనున్నాను" అంది.

"మాకు పదమూడు నెలలు.
పన్నెండు ముప్ఫైలు పోగా మిగిలిన ఐదు రోజులు పగుమే.
నేను పగుమే మూడున పుట్టాను.
పాస్‌పోర్టు గుమస్తా పదమూడు అని రెండుసార్లు కొట్టి చూశాడు.
కంప్యూటరు తీసుకోలేదు.
వెనక క్యూ గేటు దాకా ఉంది.
జనవరి ఒకటి నొక్కేశాడు.
పాపం, మంచివాడే."

కాఫీ మీద మీగడ కట్టేదాకా నేనేం మాట్లాడలేదు.
అధిక ఆషాఢంలో పుట్టానట నేను.
పెళ్ళికీ పేరంటానికీ పనికిరాని నెలలో
నువ్వొక్కదానివే పనికొచ్చావే అనేది అమ్మ.
బళ్ళో పంతులు ఆమెను అడగలేదు.
నా వంక ఒకసారి చూసి, ఎత్తు అంచనా కట్టి
జూన్ ఒకటి వేశాడు.
పందొమ్మిదో ఏట ఆ నెల మళ్ళీ వచ్చి వెళ్ళిందట.
నేను సెమిస్టరు పరీక్షల్లో ఉన్నాను.

ఆ పొట్టి టవరు నాది.
ఆరేళ్ళ నౌకరీలో ఎన్నిసార్లు తుడిచానో నన్ను.

ఆ రాత్రి ఒక్క వరస కూడా తీయకుండా
పక్కన ఇంకో గడి చేర్చాం:
తేదీ వేసింది ఎవరు?
ముప్పాతిక మందికి "తెలీదు" అనే రాశాం.
తెలీదని రాయడానికీ చోటుండాలి కదా.

క్లయింటు ముందు హిరుత్ గొంతు రెండుసార్లు ఆగింది.
తేదీ కలవలేదని తిరిగొచ్చిన క్లెయిముల్లో
టవర్ల వాళ్ళవి మిగతావాళ్ళకి మూడింతలు.
"ఇది మేం అడగలేదే" అన్నాడొకాయన.
కాసేపాగి, ఆ లిస్టు పంపమన్నాడు.

ఉద్యోగం సంగతి తేలలేదింకా.
మేనేజరు "చూద్దాం" అన్నాడు.
ఆ మాటకి గ్రాఫు గీయడం నాకూ రాదు.

సెప్టెంబరు ఎనిమిదిన
అయ్యంగార్ బేకరీలో అరకిలో కేకు కొన్నాను.
లిస్టులో ఇవాళ ఎవరిదీ లేదే అంది రిసెప్షన్ అమ్మాయి.
మూడింటికి మబ్బు పట్టింది.
పగుమే మూడున పడే వాన వాళ్ళకి తీర్థమట,
చిన్నప్పుడు పిల్లలందరూ బట్టలిప్పి తడిసేవాళ్ళట.
చెరువు మీద మొదటి చినుకులు కనబడగానే
కేకు కోయడం సగంలో ఆపి
కాగితమున్న సంచి నా ఒళ్ళో పడేసి
మెట్ల మీంచి పరిగెత్తింది,
లిఫ్టు కోసం కూడా ఆగకుండా.