పన్ను మినహాయింపు

చూలైలో ఇడ్లీపిండి అమ్మే సుబ్బరత్నమ్మ
నా మేడమెట్లెక్కి, రొప్పు తీరాక,
రొంటినున్న సంచిలోంచి ఏడు ఫోటోలు తీసి
బల్లమీద పేకముక్కల్లా పరిచింది.

"ఆయన తిథికి ఏటా కట్టే అన్నదానం.
మూడువేల అయిదొందలు. ఫోటో పంపిస్తారు.
ఇదిగో, ఈ నవ్వే పిల్లోడు.
ఏడేళ్ళయినా వాడికి ముందుపన్ను మొలవలా."

నావి మామూలుగా పెళ్ళి విచారణలు.
కుర్రాడు తాగుతాడా, జీతం నిజమేనా,
పెరంబూరులో ఇంకో కాపురం ఉందా.
ఒక పన్ను ఆచూకీకి
అడ్వాన్సు తీసుకోవడం ఇదే మొదలు.

వేపేరిలో ట్రస్టు ఆఫీసు, రెండో అంతస్తు.
పాలరాతిమీద దాతల పేర్లు, బంగారు రంగులో.
పెద్ద విరాళం ఇవ్వబోయేవాడిలా గొంతు సవరించుకుని
వంటిల్లు చూపించమన్నాను.
గోడకి మసి లేదు.
రోజూ రెండొందల మందికి వండే పొయ్యి
పెళ్ళిచూపులకి తల దువ్వుకుని కూర్చున్నట్టుంది.
చీమైనా లేదు. అది చాలు నాకు,
కానీ కాగితం కావాలి కదా.

బియ్యం బిల్లులు అడిగితే గర్వంగానే చూపించారు.
జనవరిది నలభై ఒకటో నంబరు,
జూలైది నలభై రెండు.
ఆర్నెల్లపాటు ఆ కొట్టువాడు
ఇంకెవరికీ గిద్దెడు గింజలు అమ్మలేదన్నమాట.

కార్యదర్శి వేదాచలం గారు కాఫీ తెప్పించారు.
అక్కడ నిజమైంది ఆ కాఫీ ఒక్కటే, చిక్కగా ఉంది.
"ధర్మం బతకాలంటే
కొన్ని చూసీ చూడనట్టు పోవాలండీ" అన్నారు.
మర్నాడు కొరియర్లో రసీదు:
నేనివ్వని యాభైవేల విరాళానికి కృతజ్ఞతలు,
పన్ను మినహాయింపు వర్తించును.
రసీదు మడతలో, సరిగ్గా యాభైవేలు.

రెండు రాత్రులు ఆ కవరు నా సొరుగులో పడుకుంది.
మూడునెలల అద్దె బాకీ సంగతి
సొరుగుక్కూడా తెలుసు.
మూడోనాడు దానికీ ఒక నంబరేసి
ఫైల్లో పెట్టాను. గొప్పకి చెప్పడంలేదు,
రెండు రాత్రులు పట్టింది.

ఫోటోలో పిల్లల వెనక, మూలగా,
సగం తెగిన పేరు: '...యీ మహల్'.
పురసవాక్కంలో పాత కల్యాణమండపం.
కాపలావాడు భూతద్దం అక్కర్లేకుండానే
"మా చెల్లెలి కొడుకు దిల్లిబాబు" అన్నాడు.
అనాథ కాదు. అమ్మ ఉంది, మేనమామ ఉన్నాడు,
కొత్వాల్ చావడిలో ఉల్లిమూటల పని ఉంది.
పన్ను కూడా ఉంది, కొంచెం వంకరగా.

"ఫోటో అయ్యేదాకా ముట్టొద్దన్నారన్నా.
అయినాక మా ఆకులే ఎత్తి
పక్క వరస ముందర పెట్టినారు.
మూడు వరసలు. ఒకటే సాపాటు."
మరి ఎందుకురా అంత నవ్వు?
"కాకొచ్చి ఆ సారు చేతిలో వడ
తన్నుకుపోయిందన్నా!"
చెబుతూ మళ్ళీ నవ్వాడు, అదే నవ్వు.

పదకొండు పేజీల రిపోర్టు తీసుకెళ్తే
"చదవలేను, నోటితో చెప్పు" అంది సుబ్బరత్నమ్మ.
గ్రైండరు ఆపింది.
బిల్లులు చెప్పాను, ఆకులు చెప్పాను,
చెప్పాలా వద్దా అనుకుంటూ కాకి సంగతి చెప్పాను.

చాలాసేపు ఆగిన రాయివంకే చూసింది.
"గోడమీద వాలి తిన్నదా? లేక జారవిడిచిందా?"
తిన్నదనే చెప్పాడు.
"అయితే ఆయనకి ముట్టింది."

పిండిచేత్తోనే కళ్ళు తుడుచుకుంది.
రెప్పలమీద తెల్లగా అంటింది.
"పిల్లలకి ముట్టలేదు.
దానికి సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు."